కిటికీలు బిగించాం, బిల్లు తగ్గింది, మరి గదిలో గాలి సంగతేంటి? తరచుగా అడిగే ప్రశ్నలు

రెండేళ్ల కింద మా ఫ్లాట్‌కి కిటికీలు మార్పించాను. ఎండాకాలం కరెంటు బిల్లు తగ్గించాలన్నదే అప్పటి ఆలోచన. బిల్లు తగ్గింది కానీ దాంతో పాటు వేరే తలనొప్పి వచ్చింది, అది నిజంగానే తలనొప్పి. దాని వెనకపడి నేర్చుకున్నది నలుగురికీ చెప్తుంటే అందరూ తిప్పి తిప్పి అవే అడుగుతున్నారు, అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను. నేను ఇంజినీర్‌ని కాను, కిటికీలూ అమ్మను.

యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) కిటికీలు పెట్టించాక పొద్దున లేచేసరికి తల బరువుగా ఉంటోంది. కిటికీలకీ దానికీ సంబంధం ఉంటుందా?

ఉండొచ్చు. మాకు ఉంది. హైదరాబాద్‌లో మాది అపార్ట్‌మెంట్ పై అంతస్తు. పాత చెక్క కిటికీలు వానకి ఉబ్బి, ఎండకి ఎండి, మూసినా చిటికెన వేలు దూరేంత సందు ఉండేది. వాటిని తీసేసి రబ్బరు పట్టీలున్న యూపీవీసీ రెక్కలు పెట్టించాం, ఏసీ పైపులు బయటికెళ్లే కన్నం చుట్టూ ఫోమ్ కొట్టించాం, తలుపు కింద బ్రష్ పట్టీ కూడా వేయించాం. హారన్లు వినబడటం ఆగిపోయింది, గది పది నిమిషాల్లో చల్లబడుతోంది, పెట్టిన డబ్బులకి న్యాయం జరిగిందనుకున్నాం. నెల తిరక్కుండానే మా వాడు అర్ధరాత్రి దిండు పట్టుకుని హాల్లోకి వెళ్లి పడుకోవడం మొదలుపెట్టాడు. ఎందుకురా అంటే "అక్కడ గాలి బాలేదు నాన్నా" అన్నాడు. వాడి మాట కొట్టిపారేశాను కూడా. తర్వాత కార్బన్ డయాక్సైడ్ కొలిచే మీటరు ఒకటి తెచ్చి మంచం పక్కన పెడితే, పడుకునేటప్పుడు 600 చూపించింది, తెల్లవారుజామున 5 గంటలకి 2,800 పీపీఎం (అంటే పది లక్షల పాళ్ల గాలిలో 2,800 పాళ్లు).

తలనొప్పికి వంద కారణాలుంటాయి, బీపీ కూడా చూపించుకోండి. కానీ కిటికీలు మార్చాకే మొదలై, ఊరెళ్లినప్పుడు పోయి, ఇంటికి రాగానే తిరిగొస్తుంటే మాత్రం గాలిని అనుమానించండి. మన ఇళ్లలో గాలిని ఎవరూ ఏర్పాటు చేయలేదు, సందుల్లోంచి దానంతటదే వచ్చేది. సందులు మూస్తే దుమ్ము, చప్పుడు, వేడితో పాటు అదీ ఆగిపోతుంది. కిటికీలవాడు ఆ సంగతి చెప్పడు, మనం అడగం.

ఏసీ వేసుకుంటాం కదా, అది బయటి గాలి తీసుకురాదా?

రాదు. స్ప్లిట్ ఏసీ గదిలో ఉన్న గాలినే మళ్లీ మళ్లీ తిప్పి చల్లబరుస్తుంది. గోడ కన్నంలోంచి వెళ్లేవి రాగి పైపులు, వైర్లు, నీళ్ల పైపు, అంతే. పాత విండో ఏసీల్లో చాలావాటికి 'వెంట్' అని చిన్న మీట ఉండేది, తెరిస్తే కొద్దిగా గాలి మారేది. దాన్ని ఎవరైనా తెరవగా నేను చూడలేదు.

కార్బన్ డయాక్సైడ్ ఎంత ఉంటే ఎక్కువ? 2,800 అంటే ప్రమాదమా?

ఆసుపత్రికి పరిగెత్తాల్సిన ప్రమాదమేం కాదు. బయటి గాలిలోనే ఇప్పుడు 420 పైచిలుకు పీపీఎం ఉంది. గదిలో 1,000 లోపు ఉంటే గాలి బాగా మారుతోందని లెక్క. రెండు వేలు దాటితే చాలామందికి ఉక్కపోసినట్టు, మగతగా ఉంటుంది. పని ప్రదేశాలకి అమెరికాలో పెట్టిన ఎనిమిది గంటల పరిమితి 5,000. కాబట్టి ఆ అంకెని విషంగా చూడకండి, మనం వదిలిన గాలి ఎంత పేరుకుపోయిందో చెప్పే కొలబద్దగా చూడండి. అది పేరుకుందంటే చెమ్మ, పెయింట్ ఆవిర్లు, ఇంట్లో ఒకరికి జలుబుంటే ఆ వైరస్, అన్నీ దాంతో పాటే పేరుకున్నట్టు.

లెక్క కావాలన్నవాళ్ల కోసం: నిద్రపోతున్న మనిషి గంటకి సుమారు 12 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదుల్తాడు. 10 x 12 అడుగుల గది, 10 అడుగుల ఎత్తు, అంటే 34 ఘనపు మీటర్లు. ఇద్దరు పడుకుని గాలి అసలు మారకపోతే గంటకి 700 పీపీఎం చొప్పున పెరుగుతుంది. గదిలో గాలి గంటకి సగం మారుతుంటే 1,800 దగ్గర ఆగుతుంది. అయిదో వంతే మారుతుంటే తెల్లారేసరికి మూడు వేలు దాటుతుంది. ఇక్కడ ఏసీ ఖరీదు, బ్రాండు ఏవీ లెక్కలోకి రావు. గది ఎంత, మనుషులెందరు, సందులెన్ని, ఈ మూడే.

మా తాతల ఇళ్లలో ఈ గొడవలేం లేవు కదా?

ఈ గొడవ లేదు, వేరేవి ఉన్నాయి. మండువా లోగిళ్లలో నడిమధ్య ఆకాశం కనబడేది, వేడి గాలి అటు పైకి పోతే చుట్టూ గదుల్లోంచి చల్లగాలి వచ్చేది. తర్వాత వచ్చిన డాబా ఇళ్లలో కిటికీ పైన, తలుపు పైన వెంటిలేటర్ ఉండేది, స్లాబుకి దగ్గరగా, సిమెంటు జాలీతోనో వంచిన అద్దాలతోనో. పైకి చేరిన వేడి గాలి పోవడానికి పెట్టిన దారి అది. ఏసీ వచ్చాక దాన్ని థర్మాకోల్‌తో మూశాం, పావురాలు దూరుతున్నాయని అట్టముక్క కొట్టాం, ఫాల్స్ సీలింగ్ వచ్చాక అది ఎక్కడుందో కూడా మర్చిపోయాం. కొత్త అపార్ట్‌మెంట్లలో బాత్రూంలో తప్ప ఎక్కడా కనబడదు.

అయినా పాతకాలాన్ని మరీ మెచ్చుకోనక్కర్లేదు. అదే ఇంట్లో వంటగదిలో కట్టెల పొయ్యి పొగకి మా అమ్మమ్మ కళ్లు పాడయ్యాయి, పొగగొట్టం ఉండి కూడా.

అయితే కరెంటు ఆదా చేసే పనులన్నీ గాలికి చేటేనా?

కాదు. ఈ ఒక్క జవాబు చదివితే చాలు, మిగతావి తర్వాత చదువుకోవచ్చు. వేడిని ఆపే పనులు కొన్ని, గాలిని ఆపే పనులు కొన్ని. మనం రెంటినీ ఒకే గాటన కడుతున్నాం.

డాబా మీద తెల్లని కూల్ రూఫ్ పూత వేయిస్తే ఇంట్లోకి దిగే వేడి తగ్గుతుంది, గాలికి ఏమీ కాదు. పై అంతస్తువాళ్లకి దీన్ని మించిన పని లేదు. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది, 2028 దాకా అమలు. 600 చదరపు గజాలు, ఆపైన స్థలంలో కట్టే ఇళ్లకి తప్పనిసరి, చిన్న ఇళ్లకి మన ఇష్టం. పడమటి కిటికీకి బయట నీడ, సన్‌షేడో వెదురు తడికో, ఇదీ అంతే, గాలిని వదిలి ఎండని ఆపుతుంది. లోపల కర్టెన్ వేస్తే ఎండ అప్పటికే అద్దం దాటి వచ్చేసింది, కాబట్టి తడిక బయటే ఉండాలి. వట్టివేళ్ల తడికలకి నీళ్లు చల్లుకునే రోజుల్లో గాలి, చల్లదనం, సువాసన మూడూ ఒకే దాంట్లో వచ్చేవి. 75 వాట్ల పాత ఫ్యాన్ తీసి 30 వాట్లు తినే బీఎల్‌డీసీ ఫ్యాన్ పెట్టినా గాలికి నష్టం లేదు. ఏసీని 24 దగ్గర పెట్టుకోవడం కూడా అలాంటిదే, 2020 నుంచి స్టార్ లేబుల్ ఏసీలు ఆన్ చేయగానే 24 దగ్గరే మొదలయ్యేలా కంపెనీలు అమర్చాలి.

గాలిని తగ్గించేవి: రబ్బరు పట్టీల కిటికీలు, తలుపు కింద బ్రష్, ఫోమ్, వెంటిలేటర్ మూసేసే ఫాల్స్ సీలింగ్, ఇంకా అన్నిటికంటే ముఖ్యంగా బాల్కనీకి అద్దాలు కట్టి గది చేసుకోవడం. వీటిని చేయొద్దనడం లేదు. మొదటి రకం అంతా అయ్యాక చేయండి, చేసేటప్పుడే గాలికి దారి ఆలోచించండి. నేను తలకిందులుగా చేశాను. ముందు కిటికీలు, ఏడాది తర్వాత డాబా పూత. పూత ముందు వేయించి ఉంటే సగం కిటికీలు మార్చేవాణ్నే కాదేమో.

బయటి గాలిని రానిస్తే ఏసీ బిల్లు పేలిపోదా?

నేనూ అదే భయపడ్డాను, ఒక ఆదివారం కూర్చుని లెక్కేశాను. ఇద్దరికి గంటకి 50 ఘనపు మీటర్ల కొత్త గాలి చాలు. బయట 30 డిగ్రీలు, బాగా ఉక్కగా ఉన్న రాత్రి, విజయవాడలాంటి చోట, గదిలో 26 ఉంచాలనుకుందాం. ఆ గాలిని చల్లబరచడానికి, అందులో చెమ్మ పిండడానికి ఏసీ మీద అదనంగా పడే భారం కరెంటులో సుమారు 120 వాట్లు. ఎనిమిది గంటలకి ఒక యూనిట్. మీ కరెంటు బిల్లు స్లాబుని బట్టి ఐదు నుంచి పది రూపాయలు. హైదరాబాద్‌లో గాలి పొడిగా ఉండే ఏప్రిల్ రాత్రుల్లో ఇంకా తక్కువ పడుతుంది. చెమ్మని పిండటమే ఖరీదైన పని, వేడిని తగ్గించడం కాదు, అందుకే కోస్తాలో లెక్క కాస్త ఎక్కువ.

కిటికీ బార్లా తెరిచి ఏసీ వేయమనడం లేదు. అది ఎలాగూ ఎవరూ చేయరు, బయటి వీధిని చల్లబరచలేం.

సరే, దారి ఎక్కడ వదలాలి?

గాలి రావడానికో దారి, పోవడానికో దారి, రెండూ కావాలి. ఒక్క కిటికీ కొంచెం తెరిచి గది తలుపు బిగించేస్తే పెద్దగా కదలదు.

మేం చేసింది చెప్తాను. కిటికీ పైభాగంలో కదలని అద్దం ముక్క ఒకటి ఉండేది, అది తీయించి చిన్న లూవర్ (ఏటవాలు పలకల చట్రం), దాని వెనక దోమల మెష్ పెట్టించాం, కావాలంటే మూసుకునేలా. గదికి అటాచ్డ్ బాత్రూం ఉంది, అక్కడి ఎగ్జాస్ట్ ఫ్యాన్‌ని టైమర్‌కి కలిపించాను, రాత్రి గంటకి పావుగంట చొప్పున తిరుగుతుంది. బాత్రూం తలుపు కింద అంగుళం సందు వదిలాం. లూవర్‌లోంచి వచ్చిన గాలి మంచం మీదుగా బాత్రూంలోకి, అక్కణ్నుంచి బయటికి. తెల్లారేసరికి ఇప్పుడు 1,100 దాటట్లేదు, మా వాడు తన దిండుతో తిరిగొచ్చాడు. ఒక్క జాగ్రత్త, ఆ ఎగ్జాస్ట్ మీ గాలిని నిజంగా బయటికే తోస్తోందా చూసుకోండి. కొన్ని అపార్ట్‌మెంట్లలో అది పైపుల కోసం వదిలిన నిలువు షాఫ్ట్‌లోకి వెళ్లి, పైన మూసి ఉంటే, పై ఇంటివాళ్ల బాత్రూంలో తేలుతుంది.

ఇదంతా చేయించే ఓపిక లేకపోతే పడుకోబోయే ముందు ఎదురెదురు కిటికీలు తెరిచి పదిహేను నిమిషాలు ఫ్యాన్ వేయండి. రాత్రంతటికీ సరిపోదు కానీ 1,500 దగ్గర మొదలయ్యే బదులు 500 దగ్గర మొదలవుతారు. ఇంకా సులువైంది గది తలుపు ఓరగా వేసుకోవడం, హాలంత గాలి అదనంగా దొరుకుతుంది.

మెష్ గురించి ఒక మాట. దోమలే అసలు శత్రువులు, సాయంత్రం ఆరయ్యేసరికి ఇంటింటా కిటికీలు మూతపడేది వాటివల్లే. మెష్ పెట్టినవాళ్లు దాన్ని కడగడం మర్చిపోతారు. దుమ్ము పట్టిన మెష్‌కీ గోడకీ పెద్ద తేడా ఉండదు. నెలకోసారి తీసి కుళాయి కింద పెట్టండి, ఏం వస్తుందో చూస్తారు.

కొత్త చిమ్నీ వేసినప్పుడల్లా బాత్రూంలోంచి కంపు వస్తోంది. ప్లంబర్‌కి రెండుసార్లు చూపించాం, ఏమీ లేదన్నాడు.

తప్పు ప్లంబర్‌ది కాకపోవచ్చు. చిమ్నీ డబ్బా మీద గంటకి 1,000 ఘనపు మీటర్లు లాగుతుందని రాసి ఉంటుంది. వెయ్యి చదరపు అడుగుల ఫ్లాట్‌లో మొత్తం గాలి 280 ఘనపు మీటర్లు. కాగితం మీద చూస్తే పావుగంటలో మీ ఇంటి గాలంతా ఊడ్చేస్తుంది, డక్టు (గాలి బయటికి పోయే గొట్టం) వంపుల వల్ల అంత లాగకపోయినా సగం అనుకోండి. బయటికి పోయిన గాలికి బదులు ఎక్కణ్నుంచో లోపలికి రావాలి కదా. కిటికీలన్నీ బిగిస్తే అది వచ్చేది నీళ్లు ఎండిపోయిన నాని ట్రాప్‌లోంచి (బాత్రూం నేల జాలీ కింద నీళ్లు నిలిచి కంపుని ఆపే గిన్నె అది), షాఫ్ట్‌లోంచి, లిఫ్టు పక్క కారిడార్ నుంచి. పాత కిటికీలున్నప్పుడు ఈ కంపు లేదు కదా, గుర్తు చేసుకోండి. చిమ్నీ వేసేటప్పుడు వంటింటి కిటికీ జానెడు తెరవండి, వాడని బాత్రూంలో వారానికోసారి చెంబుడు నీళ్లు పోయండి.

డక్టు లేని చిమ్నీ అయితే ఈ సమస్య రాదు, ఎందుకంటే అది ఏమీ బయటికి పంపదు. నూనె జిడ్డు, కొంత వాసన పట్టి, మిగిలిన గాలిని మన ముఖాన్నే కొడుతుంది. స్టవ్ మంటలోంచి వచ్చే నైట్రోజన్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్, ఆవిరి అన్నీ ఇంట్లోనే ఉంటాయి. కొనేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న, గోడకి కన్నం కొడతారా లేదా.

గ్యాస్ గీజర్ ఉంది. కిటికీలు మారిస్తే దానికేమైనా ఇబ్బందా?

దీంట్లో మాత్రం ఇబ్బంది, టెన్షన్ లాంటి మాటలు చాలవు, ప్రాణాలు పోతాయి. గ్యాస్ మండటానికి గాలి కావాలి, గాలి చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తల తిరగడం, వాంతి వచ్చినట్టుండటం, కాళ్లలో సత్తువ పోవడం, ఆ తర్వాత స్పృహ తప్పడం, స్నానాల గదిలో గడియ పెట్టుకుని ఉంటే బయటివాళ్లకి తెలిసేసరికే ఆలస్యం. మన దేశంలో ప్రతి చలికాలం ఇలాంటి చావులు వార్తల్లో వస్తూనే ఉంటాయి.

గ్యాస్ గీజర్ బాత్రూం లోపల ఉండకూడదు. బయట బాల్కనీలోనో యుటిలిటీలోనో పెట్టి వేడినీళ్ల పైపు లోపలికి తెచ్చుకోవాలి. ఆ యుటిలిటీకి తర్వాత అద్దాలు బిగిస్తే మళ్లీ మొదటికే, అది కూడా మూసిన గదే. పై ప్రశ్నలో చెప్పిన చిమ్నీ కూడా గుర్తుంచుకోండి, ఇల్లంతా బిగించి చిమ్నీ గట్టిగా లాగుతుంటే గీజర్ పొగ బయటికి పోకుండా వెనక్కి ఇంట్లోకి రావచ్చు. ఇల్లు బిగించాలనుకుంటే ముందు ఆ గీజర్ తీసేసి కరెంటుదో సోలార్‌దో పెట్టుకోండి, ఆ తర్వాత కిటికీల గురించి మాట్లాడుకుందాం.

కిటికీలు మార్చాక బీరువా వెనక గోడకి నల్లటి బూజు వస్తోంది. లీకేజీనా?

ముందు లీకేజీ ఉందేమో చూసుకోండి. లేదంటే ఇంట్లో పుట్టే చెమ్మే. నలుగురున్న ఇంట్లో ఊపిరి, వంట, స్నానాలు, ఆరేసిన బట్టలు కలిపి రోజుకి పది లీటర్ల దాకా నీరు ఆవిరై గాలిలో కలుస్తుంది. పది లీటర్లు అంటే చిన్న బకెట్. ఇదివరకు సందుల్లోంచి పోయేది, ఇప్పుడు గోడ పట్టుకుంటోంది. గాలి తగలని చోట, చల్లగా ఉండే గోడ మీద ముందుగా కనబడుతుంది. పక్క ఫ్లాట్‌వాళ్లు ఏసీని 18లో పెట్టుకునేవాళ్లయితే వాళ్ల గోడకి ఇటువైపు మీకు బూజు, ఇదో తమాషా.

గాలిలో తేమ 60 శాతం దాటకుండా చూసుకోవాలి, దాన్ని చూపించే చిన్న మీటరు చవగ్గానే దొరుకుతుంది. బీరువాని గోడకి నాలుగు వేళ్లు ఎడం జరపండి, వానాకాలం బట్టలు పడగ్గదిలో ఆరేయకండి, స్నానం అయ్యాక ఎగ్జాస్ట్ అరగంట తిరగనివ్వండి. విశాఖ, కాకినాడ వైపు వానాకాలంలో బయటి గాలే తడిగా ఉంటుంది, అక్కడ కిటికీ తెరిచినా గోడ ఆరదు, ఏసీలో డ్రై మోడ్ ఒక గంట వేయడం మేలు. బూజు మీదే పెయింట్ కొట్టించకండి, మళ్లీ ఆర్నెల్లకి బయటికొస్తుంది.

ఎయిర్ ప్యూరిఫయర్ కొంటే సరిపోదా? లేదా స్నేక్ ప్లాంట్లు?

ప్యూరిఫయర్‌లోని హెపా ఫిల్టర్ దుమ్ముని, పొగ కణాల్ని పడుతుంది, బాగా పడుతుంది. కార్బన్ డయాక్సైడ్‌ని, చెమ్మని, కార్బన్ మోనాక్సైడ్‌ని పట్టదు. మూసిన గదిలో ప్యూరిఫయర్ పెట్టి పచ్చ లైటు చూసి సంతోషపడేవాళ్లున్నారు, ఆ లైటు దుమ్ము సంగతే చెప్తోంది.

మొక్కలు గదిలో గాలిని శుభ్రం చేస్తాయన్న కథ 1989లో నాసా చేసిన ప్రయోగంతో మొదలైంది, అది మూసిన చిన్న పెట్టెల్లో చేసింది. అలాంటి ప్రయోగాలన్నీ కలిపి చూసి 2019లో వచ్చిన సమీక్ష తేల్చిందేంటంటే, మామూలు గాలి మార్పిడితో సమానం కావాలంటే చదరపు మీటరుకి కనీసం పది మొక్కలు కావాలి, వెయ్యి దాకా కూడా. అందానికి పెంచుకోండి, మా ఇంట్లోనూ ఉన్నాయి.

బయటే దుమ్ము, పొగ. కిటికీ తెరిస్తే అదంతా ఇంట్లోకి రాదా?

వస్తుంది, దీనికి తేలిక జవాబు లేదు. రోడ్డు పక్క ఇల్లయితే వేళ చూసుకుని తెరవడమే. చలికాలం తెల్లవారుజామున పొగమంచుతో పాటు పొగంతా నేలకి దగ్గరగా పేరుకుంటుంది, "పొద్దున్నే స్వచ్ఛమైన గాలి" అని ఆరింటికి తెరిచేవాళ్లు అదే పీలుస్తారు. ఎండ ఎక్కాక, పదకొండు తర్వాత తెరవండి. ఎండాకాలం అయితే తెల్లవారుజామే మంచిది. దీపావళి రాత్రి, భోగి పొద్దున మూసేసుకోండి, ఎవరూ ఏమీ అనుకోరు.

పీఎం 2.5 కి, అంటే ఊపిరితిత్తుల లోపలిదాకా వెళ్లే సన్నటి కణాలకి, ఇరవై నాలుగు గంటల సగటు మన దేశపు పరిమితి ఘనపు మీటరు గాలికి 60 మైక్రోగ్రాములు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది 15. ఈ రెంటి మధ్య తేడా చూస్తే మన ఊళ్ల పరిస్థితి అర్థమవుతుంది. ప్యూరిఫయర్ పనికొచ్చేది ఇక్కడే, కొంచెం గాలి రానిచ్చి దుమ్ముని అది పడుతూ ఉంటే రెండూ కుదురుతాయి.

దోమల చుట్టలు, అగరుబత్తీలు?

మూసిన గదిలో వద్దు. ఒక దోమల చుట్ట పూర్తిగా కాలితే వచ్చే సన్నటి కణాలు 75 నుంచి 137 సిగరెట్లతో సమానమని 2003లో ఒక అధ్యయనం లెక్కగట్టింది. సందులున్న పాత ఇంట్లో అది కొంత పోయేది, రబ్బరు పట్టీల కిటికీల వెనక ఎక్కడికీ పోదు. దోమతెర కట్టుకోండి. పూజ మానమని చెప్పను, మా అత్తయ్యగారితో ఆ మాట అనే ధైర్యం నాకు లేదు, సాంబ్రాణి వేసేటప్పుడు బాల్కనీ తలుపు తీయమని మాత్రం ఒప్పించాను.

ఏసీ బదులు కూలర్ వాడితే?

గాలి విషయంలో కూలర్ ఏసీ కంటే మేలు, కరెంటు కూడా పదో వంతు తింటుంది. కానీ అది కిటికీలో కూర్చుని బయటి పొడిగాలిని లాగాలి, ఎదురుగా ఇంకో కిటికీ తెరిచి ఉండాలి. బిగించిన గదిలో మధ్యలో పెడితే అరగంటలో ఆవిరి స్నానం. తెలంగాణ, రాయలసీమ ఎండకి బాగుంటుంది, గోదావరి జిల్లాల ఉక్కకి పెద్దగా పనికిరాదు. నీళ్లు మార్చకపోతే అందులోనే దోమలు పుడతాయి.

కొత్త ఇంటీరియర్, కొత్త కిటికీలు ఒకేసారి చేయించాం. కళ్లు మండుతున్నాయి.

ప్లైవుడ్ జిగురులోంచి వచ్చే ఫార్మాల్డిహైడ్, పెయింట్, పాలిష్ ఆవిర్లు అవి. వేడికి ఇంకా ఎక్కువ వస్తాయి, బిగించిన ఇంట్లో నిలిచిపోతాయి. వార్డ్‌రోబ్ తలుపులన్నీ తెరిచిపెట్టి, రెండు మూడు వారాలు కిటికీలు తీసి ఫ్యాన్లు తిప్పండి, గృహప్రవేశం ముహూర్తం దగ్గర్లో ఉన్నా పడక మాత్రం కొన్నాళ్లు ఆగి వేయండి. ఇంకా చేయించని వాళ్లు ఫార్మాల్డిహైడ్ తక్కువ వదిలే ఈ-జీరో, ఈ-వన్ రకం ప్లైవుడ్ అడగండి.

కొత్త ఫ్లాట్ చూస్తున్నాం. గాలి విషయంలో ఏం చూడాలి?

కేంద్ర ప్రభుత్వ సంస్థ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 2018 డిసెంబర్‌లో ఇళ్ల కోసం ఎకో నివాస్ సంహిత అని ఒక కోడ్ తెచ్చింది. కరెంటు ఆదా కోసం పెట్టిన కోడే, అయినా అందులో గాలి నిబంధన కూడా పెట్టారు, అది నాకు నచ్చింది. ఇంటి నేల వైశాల్యంలో కనీసం ఇంత శాతం తెరుచుకునే కిటికీలుండాలని: హైదరాబాద్‌లాంటి మిశ్రమ వాతావరణానికి 12.5 శాతం, విశాఖలాంటి ఉక్క ప్రాంతానికి 16.66 శాతం. వెయ్యి చదరపు అడుగులకి హైదరాబాద్‌లో 125, విశాఖలో 167 చదరపు అడుగులన్నమాట, బాల్కనీ తలుపులు కలుపుకుని. ఇక్కడ 'తెరుచుకునే' అన్న మాటే కీలకం. రెండు రెక్కల స్లైడింగ్ కిటికీ సగమే తెరుచుకుంటుంది, రెక్క బయటికి తెరిచే రకం దాదాపు పూర్తిగా. బిల్డర్ చూపించే పెద్ద అద్దాన్ని చూసి మురిసిపోకుండా టేపు పట్టుకుని తెరుచుకునే భాగం కొలవండి, ఆయన వింతగా చూసినా పర్లేదు. గాలి ఒకవైపు నుంచి వచ్చి ఇంకోవైపు పోతుందా, అన్ని కిటికీలూ ఒకే గోడకున్నాయా, అదీ చూడండి.

మేం అమెరికాలో ఉంటాం. ఇక్కడ ఇళ్లు ఇంకా బిగుతు కదా?

బిగుతే, అనుభవం కూడా మీకే ఎక్కువ. 1973 చమురు సంక్షోభం తర్వాత అక్కడ భవనాల్ని బిగించడం మొదలెట్టారు. మనిషికి నిమిషానికి కనీసం ఎన్ని ఘనపు అడుగుల బయటి గాలి ఇవ్వాలన్న ప్రమాణాన్ని 1981లో ఆష్రే అనే అక్కడి ఏసీ, వెంటిలేషన్ ఇంజినీర్ల సంఘం 5కి దించింది. ఆఫీసుల్లో జనం తలనొప్పి, కళ్లమంటలతో గోల పెట్టాక 1989లో 15కి పెంచింది. మన ఊళ్లలో ఇప్పుడు జరుగుతున్నది ఆ కథే, నలభై ఏళ్లు ఆలస్యంగా. అప్పుడే సరిగ్గా ఆలోచించినవాళ్లూ ఉన్నారు, 1977లో కెనడాలోని రెజైనాలో కట్టిన ఒక ఇంట్లో గోడల్ని గట్టిగా బిగించి, బయటికి పోయే గాలిలోని వేడిని లోపలికొచ్చే గాలికి అందించే యంత్రం పెట్టారు. ఇప్పుడు హెచ్‌ఆర్‌వీ, ఈఆర్‌వీ అని అమ్ముతున్నవి దాని వారసులే. డాలస్, అట్లాంటా లాంటి ఉక్క ఊళ్లలో చెమ్మని కూడా చూసుకునే ఈఆర్‌వీ మేలు.

మీ ఇంటికెంత గాలి కావాలో చెప్పే ఆష్రే 62.2 ప్రమాణం లెక్క సులువే: చదరపు అడుగుకి 0.03, దానికి పడగ్గదుల సంఖ్యకి ఒకటి కలిపి 7.5తో గుణించింది కలపండి. 2,000 అడుగుల మూడు పడగ్గదుల ఇల్లయితే నిమిషానికి 90 ఘనపు అడుగులు. అటిక్‌లో ఫోమ్ కొట్టించేముందు, కొట్టించాక బ్లోవర్ డోర్ పరీక్ష చేయించండి, తలుపులో ఫ్యాన్ బిగించి ఇల్లెంత లీకవుతుందో కొలుస్తారు. గ్యాస్ ఫర్నేస్, వాటర్ హీటర్ పొగ వెనక్కి రావడం లేదని అదే రోజు చూడమనండి, కార్బన్ మోనాక్సైడ్ అలారం బ్యాటరీ కూడా.

బేస్‌మెంట్ ఉంటే రేడాన్ కిట్ తెచ్చి కొలవండి, ఇల్లు బిగించాక మళ్లీ కొలవండి. మట్టిలోంచి వచ్చే ఆ రేడియోధార్మిక వాయువు వల్ల అమెరికాలో ఏటా సుమారు 21,000 మంది ఊపిరితిత్తుల కాన్సర్‌తో చనిపోతున్నారని అమెరికా పర్యావరణ సంస్థ అంచనా. కొలతలో లీటరు గాలికి 4 పికోక్యూరీలు దాటితే బాగుచేయించాలి. మన వంటల సంగతి సరేసరి. అపార్ట్‌మెంట్లలో స్టవ్ పైన మైక్రోవేవ్ కింద ఉండే ఫ్యాన్ చాలాచోట్ల గాలిని తిరిగి వంటింట్లోకే వదుల్తుంది. మిరపకాయ బజ్జీలు వేసిన మూడో రోజు కూడా చలికోటుకి వాసన వస్తుంటే మీది అదే రకం. ఇల్లు కొనేటప్పుడు గ్రానైట్ కౌంటర్ కంటే ముందు ఆ ఫ్యాన్ డక్టు ఎటుపోతోందో చూడండి.

మీటరు కొనాల్సిందేనా?

అక్కర్లేదు. ఎండుమిరపకాయలు, ఇంగువ వేసి ఘాటుగా పోపు పెట్టండి, బయటికెళ్లి గంట తర్వాత తిరిగి రండి. తలుపు తీయగానే ఇంకా దగ్గొస్తే గాలి మారట్లేదు. పడగ్గదికి కూడా ఇదే, పొద్దున ఒకసారి బయటికెళ్లి లోపలికి రాగానే ముక్కుకి ఏం తెలుస్తుందో చూడండి, లోపలే ఉన్న ముక్కుకి ఏమీ తెలీదు. కొనాలనే ఉంటే ఎన్‌డీఐఆర్ సెన్సర్ (పరారుణ కాంతితో కార్బన్ డయాక్సైడ్‌నే కొలిచేది) ఉన్నదే కొనండి. బాగా చవగ్గా దొరికేవాటిలో చాలావరకు కార్బన్ డయాక్సైడ్‌ని కొలవవు, వేరే ఆవిర్లని చూసి ఊహించి ఒక అంకె వేస్తాయి. నేను మొదట కొన్నది అదే, దోసెలు పోస్తుంటే ఐదు వేలు చూపించింది.

అద్దె ఇల్లు, ఓనరు గోడకి మేకు కూడా కొట్టనివ్వరు. మేమేం చేయగలం?

చాలానే చేయొచ్చు. తలుపు కింద పట్టీ వేసుకోకండి. కిటికీని వేలెడు తెరిచి, ఆ సందుకి వెల్క్రోతో అతికే మెష్ పెట్టుకోండి, ఖాళీ చేసేటప్పుడు పీకేయొచ్చు. మూసేసిన పాత వెంటిలేటర్ ఉంటే అట్టముక్క తీసి మెష్ అతికించండి, పావురాల గూడు ఉంటే గుడ్లు పిల్లలయ్యేదాకా ఆగక తప్పదు. పడమటి కిటికీకి బయట వెదురు తడిక తాళ్లతో కట్టుకోవచ్చు, గ్రిల్ ఉంటుంది కాబట్టి మేకు అవసరం లేదు. డాబా పూత ఖర్చు ఓనరుగారు పెట్టరు, కానీ పై అంతస్తులో ఉంటే సగం మీరు పెడతామని అడిగి చూడండి. పూత వల్ల ఆయన స్లాబు కూడా ఎండకి తక్కువ పగులుతుందని చెప్తే మా ఎదురు ఫ్లాట్ ఓనరుగారు ఒప్పుకున్నారు.